కొత్త ఫోన్ స్క్రీన్ మీద గీతలు పడ్డాయి, టూత్‌పేస్ట్ రాయొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఫోన్ కొని పది రోజులైంది. టెంపర్డ్ గ్లాస్ ఇంకా వేయించలేదు. స్క్రీన్ మధ్యలో రెండు సన్నటి గీతలు పడ్డాయి, ఎండలోకి వెళ్తే కనిపిస్తున్నాయి. ఇంట్లోవాళ్లు టూత్‌పేస్ట్ రుద్దమంటున్నారు, వీడియోల్లో వంటసోడా అంటున్నారు, దగ్గర్లోని మొబైల్ షాపువాళ్లు పాలిష్ పట్టి కొత్తదానిలా చేసిస్తామంటున్నారు. ఈ మూడింట్లో ఏది మంచిది?

మూడూ వద్దు. డిస్‌ప్లేలు మార్చే పనిలో ఏళ్లుగా ఉన్నవాడిగా చెబుతున్నాను. గీతలతో వచ్చే ఫోన్లను చూస్తే పెద్దగా ఏమీ అనిపించదు. ఆ గీతను పోగొట్టబోయి స్క్రీన్ అంతా మసకబార్చుకుని వచ్చే ఫోన్లను చూస్తేనే బాధేస్తుంది. గీత పడ్డంత మాత్రాన స్క్రీన్ పనితనం తగ్గదు. గాజు మీద గీత అంటే అక్కడి గాజు కొంచెం లేచిపోయిందని అర్థం. పోయిన గాజును ఏ పేస్టూ తిరిగి తెచ్చిపెట్టదు. మనం చేయగలిగింది గీతను కనబడకుండా చేయడం, లేదా గాజునే మార్చడం.

అయితే దానికి ముందు, అది నిజంగా గాజు మీద పడ్డ గీతేనా అన్నది చూడండి. కంగారులో చాలామంది ఈ పని చేయరు.

ఈమధ్య వస్తున్న ఫోన్లలో చాలావాటికి కంపెనీయే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి పంపుతోంది. పెట్టె తెరవగానే మనం లాగేసే, అక్షరాలున్న కవరు కాదు నేను చెప్పేది. దాని కింద, స్క్రీన్‌కు అతుక్కుని ఉండే పారదర్శకమైన పొర. అది ఉందని తెలియక ఏడాదిపాటు వాడేవాళ్లు కూడా ఉన్నారు. ఫోన్‌ను ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుని అంచుల వెంట చూడండి. గాజు అంచుకు ఒక మిల్లీమీటరు లోపలగా చుట్టూ సన్నటి గీతలాంటి అంచు కనిపించినా, ముందు కెమెరా దగ్గర గుండ్రంగా కోసినట్టు కనిపించినా అది ఫిల్మ్. ప్లాస్టిక్ గాజుకంటే చాలా మెత్తన కాబట్టి దానిమీద గీతలు త్వరగా పడతాయి. మీ రెండు గీతలూ దానిమీదే ఉంటే సమస్య తీరినట్టే: మూల దగ్గర గోటితో లేపి మెల్లగా తీసేయండి, కింద గాజు చెక్కుచెదరకుండా ఉంటుంది.

మడతపెట్టే ఫోన్లకు మాత్రం ఈ మాట వర్తించదు. వాటి లోపలి స్క్రీన్ మీద ఉన్న ఫిల్మ్ స్క్రీన్‌లో భాగం, దాన్ని లాగకూడదు. 2019లో శాంసంగ్ మొదటి గెలాక్సీ ఫోల్డ్‌ను విడుదలకు ముందు పరీక్షించడానికి తీసుకున్న కొందరు విలేకరులు, అది తీసేయాల్సిన ఫిల్మే అనుకుని పీకేస్తే స్క్రీన్లు చెడిపోయాయి. దాంతోపాటు బయటపడ్డ ఇతర లోపాల వల్ల కంపెనీ విడుదలనే వాయిదా వేసుకుంది. మీది అలాంటి ఫోన్ అయితే సర్వీస్ సెంటర్‌లోనే ఫిల్మ్ మార్పించుకోండి.

ఫిల్మ్ లేదని తేలితే ఇంకో అనుమానం తీర్చుకోవాలి. తాళంచెవి, నాణెం, అల్యూమినియం లాంటి మెత్తటి లోహాలు గాజు మీద గట్టిగా రాసుకుంటే గాజు తెగదు. లోహమే కాస్త అరిగి బూడిదరంగు చారలా గాజుకు అంటుకుంటుంది. చూడటానికి అచ్చం గీతలాగే ఉంటుంది. ఫోన్ ఆఫ్ చేసి, కళ్లజోళ్లు తుడుచుకునే మెత్తటి గుడ్డను నీళ్లతో కొద్దిగా తడిపి తుడవండి. పోకపోతే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు గుడ్డమీద వేసి, ఆ చారమీద మాత్రమే మృదువుగా తుడవండి. స్క్రీన్ మీద నేరుగా పోయకండి. పోతే అది గీత కాదు.

అప్పటికీ ఉంటే అది గాజు మీద గీతే. ఇప్పుడు గోటి కొనను గీతకు అడ్డంగా మెల్లగా లాగండి. గోరు ఎక్కడా ఆగకుండా జారిపోతే అది పైపై గీత. గోరు టక్కున తట్టుకుంటే గాడి పడింది. ఈ రెంటికీ చేయాల్సినవి వేరు. ఎండలో మాత్రమే కనిపిస్తున్నాయంటున్నారు కాబట్టి మీవి బహుశా మొదటి రకమే.

ఇక టూత్‌పేస్ట్ సంగతి. ఏ వస్తువు దేన్ని గీయగలదో చెప్పడానికి 1812లో ఫ్రెడ్రిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త 1 నుంచి 10 దాకా ఒక కొలమానం పెట్టాడు. టాల్క్ 1, వజ్రం 10. ఎక్కువ అంకె ఉన్నది తక్కువ అంకె ఉన్నదాన్ని గీస్తుంది. మన ఫోన్ల గాజు చాలావరకు 6 దగ్గర గీతలు పడటం మొదలై, 7 దగ్గర గాడి పడే రకం. వంటసోడా 2.5. టూత్‌పేస్టుల్లో వాడే కాల్షియం కార్బొనేట్ 3. పంటి ఎనామిలే 5 ఉంటుంది, దాన్ని అరగదీయకుండా మురికిని మాత్రమే తీయాలని తయారైన పేస్ట్, అంతకంటే గట్టిదైన గాజును ఎలా చదును చేస్తుంది? టూత్‌పేస్ట్ చిట్కా పుట్టింది ప్లాస్టిక్ వస్తువుల దగ్గర. సీడీల మీద, పాత ప్లాస్టిక్ వాచీల మీద అది కొంత పనిచేసేది. గాజుకు దాంతో ప్రయోజనం లేదు.

ప్రయోజనం లేకపోతే పోనీ, నష్టం ఉంది. స్క్రీన్ పైన ఫ్లోరిన్ సమ్మేళనాలతో చేసిన అతి పల్చటి పూత ఒకటి ఉంటుంది. వేలిముద్రల జిడ్డు అంటుకోకుండా, అంటుకున్నా ఒక్క తుడుపుతో పోయేలా చేసేది అదే. ఐఫోన్లలో 2009లో 3జీఎస్‌తో వచ్చింది, ఇప్పుడు దాదాపు అన్ని ఫోన్లలోనూ ఉంటోంది. పేస్ట్ గాజును ఏమీ చేయలేదు గానీ ఈ పూతను మాత్రం చక్కగా గీకేస్తుంది. ఆ తర్వాత రుద్దినచోట వేలు జారదు, జిడ్డు మరక పడితే వదలదు, చుట్టూ ఉన్న స్క్రీన్‌తో పోలిస్తే అక్కడ మచ్చలా తేడా కనిపిస్తుంది. సన్నటి రెండు గీతల స్థానంలో రూపాయి బిళ్లంత మచ్చ మిగులుతుంది. పైగా ఆ తడి, పొడి స్పీకర్ జాలీలోకి దిగుతాయి.

షాపులో చెప్పిన పాలిష్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది పూర్తిగా అబద్ధం కాదు. సీరియం ఆక్సైడ్ అనే పొడిని నీళ్లలో కలిపి, ఫెల్ట్ బిళ్లతో రుద్దితే గాజు నిజంగానే అరుగుతుంది. కారు అద్దాలకు, కళ్లద్దాలకు వాడే పద్ధతే. కానీ ఒక్క సన్నగీత పోవాలన్నా దాని లోతు వరకు చుట్టుపక్కల గాజునంతా అరగదీయాలి. చాలాసేపు పట్టే పని. చేత్తో పట్టే మెషీన్‌తో అన్నివైపులా ఒకేలా అరగదు, దాంతో ఆ భాగంలో అక్షరాలు అలలు తేలినట్టు కనిపిస్తాయి. రాపిడికి వేడి పుడుతుంది. కిందనే అతికించి ఉన్న, బొమ్మను చూపించే అమోలెడ్ ప్యానెల్‌కు వేడి, ఒత్తిడి రెండూ పడవు. జిడ్డునాపే పూత ఎలాగూ మిగలదు. వీటన్నిటికంటే ముఖ్యమైనది గాజు బలం పోవడం.

ఆ బలం ఎక్కడుందో తెలిస్తే పాలిష్ ఎందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. గొరిల్లా గ్లాస్ లాంటి గాజును తయారుచేశాక దాదాపు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం లవణంలో ముంచుతారు. గాజు పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికొచ్చి, వాటి స్థానంలోకి పెద్దవైన పొటాషియం అయాన్లు దూరతాయి. ఇద్దరు పట్టే బస్సు సీట్లో ముగ్గురు సర్దుకున్నట్టు అక్కడ అంతా బిగుసుకుపోతుంది. ఆ బిగువే పగుళ్లు తెరుచుకోకుండా ఆపుతుంది. అయితే బిగువున్న ఆ పొర మందం కొన్ని పదుల మైక్రాన్లే, అంటే తలవెంట్రుక మందానికి అటూఇటూ. పాలిష్ తినేసేది సరిగ్గా ఆ పొరనే. అద్దంలా మెరిసే స్క్రీన్ చేతికిస్తారు, నెల తిరక్కుండా మోకాలెత్తు నుంచి పడితే పగిలిపోతుంది. గాజు బలం దానిమీదున్న సూక్ష్మమైన లోపాలను బట్టి ఉంటుందని ఇంగ్లండ్‌లో గ్రిఫిత్ అనే ఇంజనీరు 1921లోనే చూపించాడు. లోతైన గాడి ఉన్న ఫోన్ కింద పడితే పగులు చాలాసార్లు ఆ గాడి దగ్గరే మొదలవడానికి కారణం కూడా ఇదే.

మరి చేయాల్సిందేమిటి? మీ గీతలు గోటికి తగలకపోతే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. వేలికొనతో ఒక్క చుక్క కొబ్బరినూనె ఆ గీత మీద రాసి, పైపైన తుడిచేయండి. గీత దాదాపు మాయమవుతుంది. కాసేపటికి నూనె పోగానే మళ్లీ కనిపిస్తుంది. గీతలోని గాలికీ గాజుకీ మధ్య కాంతి వంగడమే గీత మెరవడానికి కారణం. నూనె కాంతిని ఇంచుమించు గాజులాగే వంచుతుంది కాబట్టి ఆ సందు నిండగానే కంటికి తేడా తెలియదు. నూనెను అలాగే ఉంచమని కాదు, తర్వాత శుభ్రంగా తుడిచేయండి. నూనెతో మాయమైన గీత, మంచి టెంపర్డ్ గ్లాస్ కింద కూడా చాలావరకు మాయమవుతుందని తెలుసుకోవడానికే ఇది. ఆ గ్లాస్ వెనకున్న జిగురు పొర కూడా గీతలోకి దిగి అదే పని చేస్తుంది, పైగా శాశ్వతంగా.

ఇక్కడ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. జిగురు గ్లాస్ వెనకంతా ఉండాలి. చవకరకం వాటిలో అంచుల చుట్టూ మాత్రమే జిగురుంటుంది, మధ్యలో గాలి ఉంటుంది. అలాంటిది వేస్తే గీత కనిపిస్తూనే ఉంటుంది, టచ్ కూడా మందగిస్తుంది. షాపులో ‘ఫుల్ గ్లూ’ అని అడగండి, వాళ్లకు అర్థమవుతుంది.

వంపు అంచుల స్క్రీన్లకు జిగురుద్రవం పోసి లైటు కింద గట్టిపరిచే యూవీ గ్లాస్ వేస్తారు. గీతలను దాచడంలో దీన్ని మించింది లేదు, ద్రవం కాబట్టి ప్రతి సందులోకీ పోతుంది. అదే దీంతో వచ్చే ప్రమాదం కూడా. ఎక్కువైన జిగురు పైనున్న ఇయర్‌పీస్ జాలీలోకి, పక్క బటన్లలోకి, మైక్ రంధ్రంలోకి దిగి గట్టిపడితే ఫోన్ విప్పాల్సి వస్తుంది. వేసేవాళ్లు ముందుగా ఆ రంధ్రాలన్నిటికీ టేపు అంటిస్తారో లేదో అడగండి, అంటించకపోతే అక్కడ వేయించుకోకండి. సమతల స్క్రీన్ అయితే యూవీ అవసరమే లేదు.

స్క్రీన్ కింద వేలిముద్ర సెన్సర్ ఉంటే గ్లాస్ వేశాక పాత వేలిముద్రను తీసేసి మళ్లీ నమోదు చేయండి. శాంసంగ్ ఎస్ సిరీస్ పెద్ద ఫోన్లలో 2019లో వచ్చిన ఎస్10 నుంచీ అల్ట్రాసోనిక్ సెన్సర్ ఉంటోంది. అది శబ్దతరంగాలతో పనిచేస్తుంది, మధ్యలో గాలి పొర ఉంటే వేలిని గుర్తుపట్టదు. అలాంటి ఫోన్లకు ఆ మోడల్ కోసమే చేసిన గ్లాస్ గానీ, టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో చేసిన పల్చటి ఫిల్మ్ గానీ మంచిది. టీపీయూ ఫిల్మ్‌లో ఇంకో సుగుణం, దానిమీద పడ్డ తేలికపాటి గీతలు కొన్ని గంటల్లో వాటంతటవే సర్దుకుంటాయి.

పెట్టెమీద ‘9హెచ్’ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. అది మోస్ కొలమానంలో 9 కాదు. 9హెచ్ అంటే గట్టి పెన్సిల్‌తో గీసినా గీత పడదని చెప్పే వేరే పరీక్ష. మోస్ 9 అంటే నీలమణి, కెంపు. నూటయాభై రూపాయల గ్లాస్ ఆ స్థాయిలో ఉండదు, అదీ మీ స్క్రీన్‌లాగే 6 దగ్గర గీసుకుంటుంది. తేడా ఒక్కటే, గీసుకుంటే తీసి పారేసి ఇంకోటి వేసుకోవచ్చు.

గాడి పడిందనుకోండి, గోరు తట్టుకుంటోంది. అప్పుడు కూడా వెంటనే డిస్‌ప్లే మార్చమని నేను చెప్పను. కంటికి అడ్డు రాకపోతే పైన గ్లాస్ వేసి వాడుకోండి. అడ్డొస్తేనే మార్పు గురించి ఆలోచించండి. రెండు దారులున్నాయి. కాంబో మొత్తం మార్చడం, అంటే గాజు, టచ్, డిస్‌ప్లే కలిసిన ప్యానెల్. మధ్యస్థాయి అమోలెడ్ ఫోన్లకే ఇది వేలల్లో ఉంటుంది, ఖరీదైన ఫోన్లకు ఇరవై వేలు కూడా దాటుతుంది. రెండోది పైగాజు మాత్రమే మార్చడం. ప్యానెల్‌ను వేడిచేసి, సన్నటి తీగతో గాజును విడదీసి, పాత జిగురు తీసి, ఓసీఏ అనే జిగురు షీటుతో కొత్త గాజును మెషీన్‌లో అతికిస్తారు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ లాంటిచోట్ల ఈ పని చేసేవాళ్లు దొరుకుతారు. ఖర్చు బాగా తక్కువ. కానీ విడదీసేటప్పుడు కింది ప్యానెల్ పోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, పోతే ఎవరు భరిస్తారో ముందే మాట్లాడుకోండి. కొత్త గాజుకు అసలుదానంత బలం, పూత ఉంటాయన్న నమ్మకం లేదు. ఫోన్ విప్పాక నీళ్లు చొరబడకుండా ఉండే సీలు కూడా మునుపటిలా ఉండదు. వారంటీలో ఉన్న పది రోజుల ఫోన్‌కు బయట ఈ పని చేయించొద్దనే నా సలహా.

వారంటీ గురించి కూడా అడిగారు. వాడకంలో పడ్డ గీతలు సాధారణంగా ఏ కంపెనీ వారంటీలోనూ రావు. విడిగా కొనే స్క్రీన్ ప్రొటెక్షన్ ప్లాన్లు కూడా ఎక్కువగా పగిలిన స్క్రీన్‌కే వర్తిస్తాయి, గీతలను మినహాయిస్తాయి. షరతుల కాగితంలో ఆ వాక్యం వెతకండి. గీత పెట్టె తెరిచినప్పుడే ఉందనుకుంటే అది వేరే విషయం. అమ్మినవాళ్లు ఇచ్చే రీప్లేస్‌మెంట్ గడువు చాలాచోట్ల వారం రోజులే, మీకు పది రోజులైంది కాబట్టి బిల్లు మీద చూసుకోండి. పెట్టె తెరుస్తూ తీసిన వీడియో ఉంటే ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

అసలు ఇంత ఖరీదు పెట్టి కొన్న ఫోన్‌కు గీతలు పడని గాజు పెట్టొచ్చు కదా అన్నారు. న్యాయమైన ప్రశ్న. 2007లో మొదటి ఐఫోన్‌కు ముందు ప్లాస్టిక్ స్క్రీనే అనుకున్నారు. జేబులో తాళాలకు అది గీసుకుపోతోందని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టి గాజుకు మార్పించాడు, అలా కార్నింగ్ కంపెనీ గాజు ఫోన్లలోకి వచ్చింది. నీలమణి స్ఫటికం పెడితే గీతలు దాదాపు పడవు, ఖరీదైన వాచీలకు అదే పెడతారు. కానీ అది ఖరీదు, బరువు, పెద్ద పలకగా కిందపడితే పెళుసు. ఆపిల్ కోసం దాన్ని భారీగా తయారుచేయబోయిన జీటీ అడ్వాన్స్‌డ్ అనే కంపెనీ 2014 అక్టోబరులో దివాలా తీసింది. స్క్రీన్ పగిలితేనే వినియోగదారుడికి పెద్ద దెబ్బ కాబట్టి గాజు కంపెనీలు చాలాకాలం పడితే పగలకుండా ఉండటం మీదే ఎక్కువ దృష్టిపెట్టాయి. ఈమధ్యే గెలాక్సీ ఎస్24 అల్ట్రా, ఐఫోన్ 17 లాంటివాటిలో గీతలను మునుపటికంటే బాగా తట్టుకుంటాయని చెప్పే గాజు వస్తోంది.

మీ గీతలు ఎలా పడ్డాయో తెలియదన్నారు. తాళాలను తప్పుపట్టకండి. మోస్ కొలమానంలో ఇత్తడి 3, 4 మధ్యన, మామూలు ఉక్కు 5 పైచిలుకు. అసలు దోషి ఇసుక. ఏటి ఇసుకలోనూ, ఎర్రమట్టిలోనూ ఉండే క్వార్ట్‌జ్ 7. జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో కంటికి కనపడని ఒక్క రేణువు చాలు. బీచ్‌కు వెళ్లొచ్చినా, ఇల్లు కట్టేచోట తిరిగినా, కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల దగ్గర పనిచేసినా ఆ జేబును తిరగేసి దులిపాకే ఫోన్ పెట్టండి. స్క్రీన్‌ను చొక్కా కొసతో పొడిగా తుడిచే అలవాటు మానేయండి, బట్టకు అంటిన దుమ్మే గీతలు పెడుతుంది. ముందు ఊది, తర్వాత మెత్తటి గుడ్డతో తుడవండి. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు పొరపాటున కూడా తగలనివ్వకండి, అందులో అల్యూమినియం ఆక్సైడ్ ఉంటుంది, అది 9.

ఆడవాళ్ల ఫోన్లలో ఇయర్‌పీస్ కిందుగా, ఒకేచోట పడే చిన్న చిన్న గీతలు నేను తరచూ చూస్తుంటాను. వజ్రపు ముక్కుపుడకో చెవిదుద్దో ఫోన్ మాట్లాడేటప్పుడు తగలడం వల్ల పడేవి అవి. బంగారం 3కు మించదు, ముత్యం, పగడం కూడా మెత్తనే, వాటితో భయం లేదు. వజ్రం, కెంపు, అమెరికన్ డైమండ్ మూడూ గాజును సులువుగా కోస్తాయి. ఇంట్లో అమ్మగారో, మీ ఆవిడో ఆ ఫోన్‌లో మాట్లాడుతుంటే స్పీకర్‌లో గానీ ఇయర్‌ఫోన్స్‌తో గానీ మాట్లాడమనండి, లేదా గ్లాస్ తప్పనిసరిగా వేయించండి.

ఈ రోజే గోటి పరీక్ష, కొబ్బరినూనె పరీక్ష చేసి, ఫోన్ మోడల్‌తో సహా ఇక్కడే రాయండి. స్క్రీన్ సమతలమా, వంపుదా, సెన్సర్ ఏ రకం అన్నదాన్ని బట్టి ఏ గ్లాస్ వేయించాలో చెబుతాను. అప్పటిదాకా గుడ్డతో తుడవడం తప్ప ఆ గీతల మీద ఇంకేమీ రుద్దకండి.